230 ముక్కల ఫిషింగ్ డబ్బా కొనకండి: మా పాప చేప ఎలా పోయిందంటే

ఆన్‌లైన్‌లో 20 డాలర్లకి 230 ముక్కలు అంటూ ఒక డబ్బా అమ్ముతున్నారు. పైన అద్దంలాంటి మూత. లోపల గళ్లు గళ్లుగా రంగురంగుల సాఫ్ట్ ప్లాస్టిక్ పురుగులు, డెక్కలున్న క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి) బొమ్మలు, తోక ఊపే చిన్న చేపలు, ఒక పక్క గాలాలు, ఇంకో పక్క బరువులు. బాస్ అనే మంచినీటి చేపల వేట కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి చూడగానే కొనేయాలనిపిస్తుంది. నేనూ కొన్నాను. దయచేసి మీరు కొనకండి. ఇప్పటికే కొని ఉంటే ఆ గాలాలు పట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్లకండి. పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

మేం డాలస్ దగ్గర ఉంటాం. చిన్నప్పుడు మా ఊళ్లో నాన్న వెదురు కర్రకి గాలం కట్టి, వానపామును గుచ్చి కాలవలో వేసేవారు. బెండు మునిగితే లాగడమే. ఎర నిజమైనది కాబట్టి చేప దాన్ని మింగేది. బాస్ వేటలో చాలామంది ప్లాస్టిక్ ఎరనే వాడతారు. చేప దాన్ని నోట్లోకి తీసుకున్న ఆ క్షణంలోనే మనం రాడ్ గట్టిగా ఎత్తాలి. గాలం మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొచ్చి దవడలో దిగాలి. అంటే ప్లాస్టిక్ మెత్తగా ఉండాలి, గాలం మాత్రం గట్టిగా ఉండాలి. ఈ డబ్బాలో రెండూ సరిగా లేవు.

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి మా పెద్దపాపను లేక్ ఫోర్క్ తీసుకెళ్లాను. తనకి 11 ఏళ్లు. టెక్సాస్‌లో 17 నిండనివాళ్లకి చేపలు పట్టే లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి తన రాడ్ తనే పట్టుకుంది. 1992 జనవరిలో 18.18 పౌండ్ల లార్జ్‌మౌత్ బాస్ పడి టెక్సాస్ రికార్డు అయింది ఆ చెరువులోనే. నీళ్లలో ఎండిపోయిన చెట్లు నిలబడి ఉంటాయి. వసంతంలో గుడ్లు పెట్టడానికి పెద్ద చేపలు లోతు తక్కువున్న చోటికి వస్తాయి. పాప ఆ రోజు కోసం నెల రోజులు ఎదురుచూసింది. డబ్బాలోంచి తనకి నచ్చిన ఊదారంగు పురుగును ముందు రోజు రాత్రే తీసి పెట్టుకుంది.

మా వీధిలో ఉండే ఒక అన్న పడవలో వెళ్లాం. పది గంటలప్పుడు ఒక చెట్టు మొదట్లో పాప వేసిన లైన్ పక్కకి జరగడం మొదలైంది. "నాన్నా, పట్టింది!" అని అరుస్తూ రాడ్ ఎత్తింది. రాడ్ విల్లులా వంగింది. చేప ఒక్కసారి నీళ్ల మీదికి ఎగిరి తల విదిలించింది. మంచి చేప, నా మోచేయంత ఉంది. అంతే, లైన్ వదులైపోయింది. చుట్టి చూస్తే పురుగు చిరిగి వేలాడుతోంది, వంకీగా ఉండాల్సిన గాలం దబ్బనంలా సాగిపోయింది.

"నేను తప్పుగా లాగానా నాన్నా?" అని అడిగింది. లేదమ్మా, నీ తప్పేం లేదు అన్నాను. ఆ మాట నిజమేనని నాకు రూఢి అయింది ఇంటికొచ్చాకే.

మధ్యాహ్నం నాకూ ఒక చేప తగిలింది. ఈసారి గాలం సాగలేదు, వంపు దగ్గర పుటుక్కున విరిగింది. సగం నా లైన్‌కి వచ్చింది, మొన ఉన్న సగం చేప నోట్లోనే ఉండిపోయింది. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే వెంటనే నీళ్లలో వదిలేయాలన్నది నియమం. పట్టి వదిలేసే చోట మన చేతిలో ఉన్న బాధ్యత ఒకటే, ఆ చేపను బాగా బతికే స్థితిలో వదలడం. దవడలో ఇనప ముక్కతో అది వెళ్లిపోయింది. చేప పోయినందుకు కాదు, ఈ సంగతికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పడవలో అన్న ఆ విరిగిన ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, "తమ్ముడూ, ఇది గాలం చేసే తీగ కాదు, ఇంకేదో" అన్నారు. తర్వాత తన పెట్టెలోంచి గాలాలు ఇచ్చారు. అదే రాడ్, 30 పౌండ్ల బరువు ఆపే అదే బ్రెయిడ్ (అల్లిన దారం) లైన్. వాటితో సాయంత్రంలోగా మూడు చేపలు పడవలోకి వచ్చాయి. అందులో ఒకటి పాపది.

ఇంటికొచ్చాక కూర్చుని పరీక్ష పెట్టాను. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కాటా మనందరి ఇళ్లలోనూ ఉంటుంది కదా, అదే తీశాను. గాలం మొనను వైస్‌లో బిగించి, లైన్ కట్టే రంధ్రానికి గట్టి తీగ కట్టి, కాటాతో మెల్లగా లాగాను. కళ్లద్దాలు పెట్టుకుని, గాలం మీద మందపాటి గుడ్డ వేసి చేశాను. మీరు చేసినా అలాగే చేయండి, తెగితే మొన ఎటు ఎగురుతుందో తెలియదు. డబ్బాలోని 3/0 సైజు గాలాలు పది లాగితే ఏడు 6, 7 పౌండ్లకే తెరుచుకున్నాయి. రెండు విరిగాయి. ఒక్కటి మాత్రం 10 దాటింది. అన్న ఇచ్చిన అదే సైజు గాలం 15 పౌండ్లు లాగినా కదల్లేదు, అక్కడితో ఆపేశాను. పాపను పిలిచి చూపించాను. తనే రెండు గాలాలు లాగి చూసుకుంది.

ఒకే డబ్బాలో కొన్ని సాగడం, కొన్ని విరగడం చూస్తే కారణం అర్థమవుతుంది. మంచి గాలాన్ని హై కార్బన్ స్టీల్ తీగతో చేసి, కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఈ గట్టిదనం సరిగ్గా కుదరాలి. తక్కువైతే సాగుతుంది, ఎక్కువైతే గాజులా విరుగుతుంది. చవక సరుకులో ఆ పనిని పట్టించుకునేవాళ్లు లేరు. బయటి నల్ల పూత మాత్రం అన్నిటికీ ఒకేలా మెరుస్తుంది. ఒక్క రోజు తడిస్తే ఆ పూత కింద తుప్పు మొదలైంది.

కొనేటప్పుడు గాలాన్ని చేతిలోకి తీసుకుని చూడగలిగితే మూడు చోట్ల చూడండి. మొనను బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరపండి. జారిపోతే మొద్దు, గోరును పట్టుకుని ఆగితే పదును. తర్వాత లైన్ కట్టే కన్ను. దాని చుట్టు పూర్తిగా మూసుకోకుండా సందు ఉంటే సన్నని బ్రెయిడ్ అందులోకి జారుతుంది, లేదా ఆ అంచుకు కోసుకుంటుంది. నా డబ్బాలో సగానికి పైగా గాలాలకి ఈ సందు ఉంది. ఆఖరుగా ముల్లు. చేప జారిపోకుండా పట్టే ఆ చిన్న ముల్లు మరీ లోతుగా కోసి ఉంటే, గాలం అక్కడే బలహీనంగా ఉంటుంది.

ఇక ప్లాస్టిక్ సంగతి. సాఫ్ట్ ప్లాస్టిక్ పురుగు అనేది ఇక్కడ చిన్న విషయం కాదు. 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన మొదట చేశారు, తర్వాత ఆ కంపెనీ మా టెక్సాస్‌లోని టైలర్‌కే వచ్చింది. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిసాల్‌తో చేసినవి, అంటే పీవీసీని మెత్తబరిచే నూనెలతో కలిపి అచ్చులో పోసినవి. కొన్నిటిలో ఉప్పు బాగా కలుపుతారు. ఉప్పు బరువుకి అవి నీళ్లలో వణుకుతూ నెమ్మదిగా దిగుతాయి, ఆ వణుకుకే బాస్ ఆగలేదు. యమమోటో కంపెనీ చేసే సెంకో అనే పురుగు అందుకే పేరు తెచ్చుకుంది. అది త్వరగా చిరుగుతుంది, ఒక్కోసారి ఒక్క చేపకే పోతుంది. అయినా దాన్ని నేను తప్పుపట్టను. చిరగడానికి బదులుగా అది చేపను ఇస్తోంది. డబ్బాలోని పురుగులు చిరిగాయి, వణకనూ లేదు. లోపల ఉప్పు లేదు, నీళ్లలో కర్రముక్కలా నిటారుగా దిగాయి. తలభాగం మరీ మెత్తన కావడంతో నాలుగుసార్లు విసిరేసరికి గాలం మీద నిలవకుండా కిందికి జారిపోయేవి. మూత తీస్తే పెయింట్ డబ్బా వాసన. చేతులకి అంటిన జిడ్డు సబ్బుతో రెండుసార్లు కడిగితే గానీ పోలేదు.

ఇంకో నష్టం నెల తర్వాత బయటపడింది. ఆ డబ్బాలోని క్రేఫిష్ బొమ్మలు టీపీఈ అనే వేరే రకం పదార్థంతో చేసినవి. సాగదీస్తే రబ్బరులా సాగి వెనక్కి వస్తాయి. జీమ్యాన్ కంపెనీ వాళ్ల ఎలాజ్‌టెక్ ఈ కోవకి చెందినదే. ఈ రకం చాలా గట్టిది, ఒక్క ముక్కతో ఎన్నో చేపలు పట్టొచ్చు. కానీ ప్లాస్టిసాల్‌ను తాకితే రెండూ కరిగి బంకైపోతాయి. అందుకే మంచి కంపెనీలు దీన్ని దాని సంచిలోనే ఉంచమని చెప్తాయి. ఈ డబ్బా అమ్మినవాళ్లు రెండిటినీ పక్కపక్క గళ్లలో పెట్టారు. అడ్డుపలకలకి కింద సందులు ఉన్నాయి. ఏప్రిల్‌లో కారు డిక్కీలోంచి తీసి చూస్తే ఊదా, నలుపు, ఆకుపచ్చ కలిసిపోయి అడుగున ముద్ద అయిపోయాయి. డబ్బా గోడ కూడా మెత్తబడింది. పక్కనే పెట్టుకున్న నా పాత మంచి పురుగులు ఒక ప్యాకెట్ అందులో పోయాయి.

బరువుల గురించి తల్లిదండ్రులు ముఖ్యంగా వినాలి. అమ్మే పేజీలో టంగ్‌స్టన్ అని రాశారు. టంగ్‌స్టన్ సీసం కన్నా చాలా సాంద్రమైనది, అదే బరువుకి గుండు బాగా చిన్నగా ఉంటుంది. గట్టిది కూడా, చాకుతో గీసినా గీత పడదు. నేను గీస్తే పైపూత లేచి బూడిదరంగు మెత్తటి లోహం కనిపించింది. సీసం. పాప ఆ గుండ్లు పట్టుకున్న చేత్తోనే మధ్యాహ్నం పులిహోర తింది. సీసం పిల్లల మెదడుకి హాని చేస్తుంది. ఎంతమాత్రం లోపలికి వెళ్లినా సురక్షితం అని చెప్పడానికి లేదు. సీసం గుండ్లు వాడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. కానీ సీసాన్ని సీసమని చెప్పి అమ్మాలి. చెప్పి ఉంటే నేను పాప చేతికి ఇచ్చేవాణ్ని కాదు, కనీసం చేతులు కడిగించేవాణ్ని.

మరి ఆ పేజీలో వేల రివ్యూలు, నాలుగున్నర నక్షత్రాలు ఎలా వచ్చాయి? కొనే ముందు నేను నక్షత్రాలే చూశాను, లోపల చదవలేదు. తర్వాత పాతవాటి దాకా వెళ్లి చదివితే చాలావరకు ఫోన్ స్టాండ్ గురించి ఉన్నాయి. అదే పేజీలో ముందు వేరే వస్తువు అమ్మి, ఆ రివ్యూలు అలాగే ఉంచి వస్తువును మార్చేశారు. ఇంకా డబ్బాలో ఒక చిన్న కార్డు ఉంది. ఐదు నక్షత్రాలు ఇచ్చి ఫోటో పంపితే 10 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తామట. మంచి రివ్యూ రాయాలన్న షరతు మీద డబ్బివ్వడాన్ని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నిషేధించింది, ఆ నియమం 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఏ ప్యాకెట్‌లోనైనా అలాంటి కార్డు కనిపిస్తే దాన్ని ఫోటో తీసి ఉంచండి, ఫిర్యాదుకి అదే ఆధారం.

డబ్బు వెనక్కి రాలేదు. జనవరిలో కొని మార్చిలో తెరిచాను, 30 రోజుల రిటర్న్ గడువు అప్పటికే దాటింది. అమ్మినవాళ్లకి రాస్తే 5 డాలర్లు ఇస్తాం, రివ్యూ పెట్టకండి అన్నారు. ఆ 5 డాలర్లు నేను తీసుకోలేదు. సీజన్‌కి ముందే కొనిపెట్టుకునే అలవాటు మీకూ ఉంటే, వచ్చిన రోజే తెరిచి, ఒక గాలాన్ని లాగి, ఒక గుండును గీసి చూడండి.

ఇప్పుడు నేను ఎలా కొంటున్నానో కూడా చెప్తాను. అదే 20 డాలర్లకి గాలాల ప్యాకెట్లు రెండు, పురుగుల ప్యాకెట్లు రెండు వస్తాయి. 230 కాదు, 30 ముక్కలు కూడా ఉండవు. గాలాల్లో గమకాట్సు, ఓనర్, మస్టాడ్, వీఎంసీ, ఈగల్ క్లా ఇవన్నీ నిలబడినవే, నా ఓటు మొదటి రెండిటికి. అయితే ఆన్‌లైన్‌లో పేరున్న వాటికి నకిలీలు ఉంటాయి కాబట్టి గాలాల్ని షాపుకి వెళ్లే కొంటున్నాను. ఐదంగుళాల పురుగుకి 3/0 ఈడబ్ల్యూజీ (మొనకీ కాడకీ మధ్య ఖాళీ ఎక్కువున్న గాలం) సరిపోతుంది. లావు శరీరం ఉన్న క్రేఫిష్‌లకి 4/0 కావాలి, ఎందుకంటే ప్లాస్టిక్ నలిగి పక్కకి తప్పుకోవడానికి వంపులో చోటు ఉండాలి. సున్నాకి ముందున్న అంకె పెరిగేకొద్దీ గాలం పెద్దదవుతుందని కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం తీగ మందం. 8, 10 పౌండ్ల సన్నని లైన్ వాడితే సన్నని తీగ గాలమే మంచిది, సులువుగా దిగుతుంది. గడ్డిలో 50 పౌండ్ల బ్రెయిడ్‌తో లాగేవాళ్లు మాత్రం హెవీ వైర్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. అక్కడ సన్నని గాలం ఎంత పేరున్న కంపెనీదైనా సాగుతుంది.

పురుగులు ఎక్కువ రోజులు రావాలంటే వాకీ రిగ్ (పురుగును నడుము దగ్గర గాలానికి తగిలించే పద్ధతి) వేసేటప్పుడు నడుముకి రబ్బరు రింగు వేసి, గాలాన్ని రింగు కిందుగా దూర్చండి. పురుగుకి చిల్లు పడదు, నాకు ఒక్కొక్కటి నాలుగైదు చేపలకి వస్తోంది. చిరిగినవాటిని పారేయకుండా ఇంటికి తెచ్చి, ఆరుబయట లైటర్‌తో అంచులు కాస్త వేడి చేసి అతికిస్తున్నాను. ఆ పొగ పీల్చకూడదు, పిల్లల్ని దూరంగా ఉంచండి. టీపీఈ రకం కావాలంటే తప్పకుండా కొనండి, అది నీళ్లలో తేలుతుందనీ, వేరే సంచిలో దాచాలనీ తెలిసి కొనండి.

ఈ మాట ఇండియాలో ఉన్నవాళ్లకి కూడా. ఏలూరు దగ్గర కొరమీను పట్టే మా బాబాయి కొడుకు ఇలాంటి డబ్బానే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. అందులో రబ్బరు కప్ప, దానికి జంట గాలం. కొరమీను దవడ ఎంత గట్టిదో మీకు తెలుసు. రెండో చేపకే రెండు వంకీలూ తెరుచుకున్నాయని ఫోటో పంపాడు. చూస్తే నా గాలానికి కవల పిల్లలా ఉంది. కప్ప బాగానే ఉంటే దాన్ని ఉంచుకుని, జంట గాలాన్ని మాత్రం మంచిది కొని మార్చుకోమన్నాను. ఇప్పుడు అలాగే వాడుతున్నాడు.

నా డబ్బాలో మిగిలిన గాలాలు ఎవరికీ ఇవ్వలేదు. మొనలు కట్టర్‌తో కత్తిరించి, టేపు చుట్టి, రేకు డబ్బాలో వేసి చెత్తలో పడేశాను. గుండ్లను హానికర వ్యర్థాలు తీసుకునే సిటీ కేంద్రానికి ఇచ్చాను. కరిగిన ముద్దను సంచిలో కట్టి పారేశాను. ఒక్క ఊదారంగు పురుగును మాత్రం పాప ఇవ్వనంది, అది తన టేబుల్ మీద ఉంది.