వారం సెలవులకు శ్రీకాకుళం తీరం: ఏది బాగుంది, ఏది బాగోలేదు, ఎలా తిరగాలి

పూరీనో గోవానో మనసులో పెట్టుకుని శ్రీకాకుళం వస్తే మొదటి సాయంత్రమే నీరుగారిపోతారు. ఇక్కడ సముద్రానికి ఎదురుగా గదుల వరస ఉండదు. రాత్రి పదింటి దాకా వెలిగే కొట్లూ ఉండవు. ఉన్నది 190 కిలోమీటర్లు దాటిన ఇసుక తీరం, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా వచ్చి కడలిలో కలిసే మొగలు, ఒడ్డున ఆరేసిన వలలు. తీరం నుంచి గంట, గంటన్నర లోపల బౌద్ధుల కొండ, కళింగ గాంగ రాజుల గుళ్లు, పక్షుల ఊరు, జీడితోటలు. వారం రోజులు ఖర్చు పెట్టదగ్గ చోటే, అందులో సందేహం లేదు. కాకపోతే ఏ బీచ్‌కి వెళ్లామన్న దానికన్నా బస ఎక్కడ పెట్టామన్న దాని మీదే ఆ వారం బాగుండడం, పాడవడం తేలిపోతుంది.

చాలామంది విశాఖలో గది తీసుకుని రోజూ ఇటు వచ్చిపోదామనుకుంటారు. విశాఖ నుంచి శ్రీకాకుళమే 110 కిలోమీటర్లు. ఉత్తరపు కొసనున్న బారువ బీచ్ చూసి వెనక్కి వెళ్లాలంటే పోనూ రానూ నాలుగు వందలు దాటుతుంది, రోజంతా హైవే మీదే గడుస్తుంది. వారమంతా శ్రీకాకుళం టౌన్లోనే ఉండడం దానికన్నా నయం, కానీ ఉత్తరపు సగం అప్పుడూ అందదు. సరైన పద్ధతి రెండు బసలు: శ్రీకాకుళంలో నాలుగు రాత్రులు, పలాస-కాశీబుగ్గలో రెండు రాత్రులు. ఏడో రోజు విజయనగరం వైపు దిగిపోవడం. రెండు ఊళ్లలోనూ లాడ్జీలు మామూలు రకమే. శుభ్రమైన పడక, వేడినీళ్లు, ఏసీ దొరుకుతాయి. సముద్రం కనిపించే కిటికీ మాత్రం దొరకదు.

గది మాట్లాడేటప్పుడు అద్దెకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. మొదటిది, ఇరవైనాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా అని. తెల్లవారుజామున ఐదింటికి రైలు దిగి ఇరవైనాలుగు గంటల లాడ్జీలో చేరితే, ఖాళీ చేసేదీ ఐదింటికే. ఒక్క గంట దాటినా ఇంకో రోజు అద్దె రాస్తారు. రెండోది, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్లేనా అని. ముహూర్తాల రోజుల్లో పెళ్లివారు గదులన్నీ ఒక్కసారే తీసేసుకుంటారు కాబట్టి, మాఘం, ఫాల్గుణంలో వచ్చేవాళ్లు క్యాలెండర్ చూసుకోవాలి.

స్టేషన్ల పేర్ల దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. శ్రీకాకుళం టౌన్లోకి రైలు రాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, టౌన్‌కి పదమూడు కిలోమీటర్ల దూరం. ఆటోలు, బస్సులు ఉంటాయి గానీ అర్ధరాత్రి రైలైతే ముందే బండి చెప్పుకోవాలి. అలాగే సోంపేట స్టేషన్ కంచిలిలో ఉంటుంది. బారువ వెళ్లేవాళ్లు పలాసలో దిగడమే మేలు, ఎక్కువ ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగుతాయి.

అద్దె కార్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, డబ్బు పోయేది ఇక్కడే. అవుట్‌స్టేషన్ లెక్కన మాట్లాడితే రోజుకి కనీసం 250 లేదా 300 కిలోమీటర్లకు డబ్బు తీసుకుంటారు, దాని మీద డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం, శాలిహుండం చూసి రావడానికి అరవై, డెబ్బై కిలోమీటర్లకు మించదు. దానికి 300 కిలోమీటర్ల డబ్బు కట్టడం దండగ. అలాంటి రోజులకు ‘ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు’ లోకల్ ప్యాకేజీ అడగండి. అవుట్‌స్టేషన్ లెక్క లాభించేది రెండు రోజులకే: శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం మీదుగా పలాస వెళ్లే రోజు, పలాస నుంచి విజయనగరం దిగే రోజు. మీటర్ మీ లాడ్జీ దగ్గర మొదలవుతుందా, వాళ్ల షెడ్డు దగ్గరా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. షెడ్డు నుంచి షెడ్డుకి లెక్కయితే ఎక్కని ముప్ఫై, నలభై కిలోమీటర్లు బిల్లులో చేరతాయి.

ఇంకో మాట. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, శాలిహుండం, కళింగపట్నం అన్నీ ఒకే రోజులో చూపిస్తామనే ప్యాకేజీ ఒప్పుకోకండి. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు. శ్రీముఖలింగం టౌన్‌కి 46 కిలోమీటర్లు, కళింగపట్నం వేరే దిక్కు. ఈ లెక్కలో ఒక గుడి తలుపులు మూసి ఉండగా చేరతారు, బీచ్‌కి చీకటి పడ్డాక చేరతారు. తూర్పు తీరంలో సూర్యాస్తమయం నేల వైపు కదా, డిసెంబరులో ఐదుంబావుకే పొద్దు వాలిపోతుంది. ఆరింటికి కళింగపట్నం చేరి చూసేదేమీ ఉండదు.

ఈ తీరం పొద్దున్నది. డిసెంబరులో సూర్యుడు ఆరుంబావు దాటాక పొడుస్తాడు. రెండో రోజు శ్రీకాకుళంలో ఐదింటికి బయల్దేరితే కళింగపట్నంలో తొలి వెలుగు అందుతుంది. విశాలమైన ఇసుక, వెనక లైట్‌హౌస్, ఎడమ చేతి వైపు వంశధార మొగ. ఏడు దాటాక బోట్లు ఒడ్డెక్కుతాయి, చేపల వేలంపాటలు అక్కడికక్కడే అవుతాయి. ఎనిమిదిన్నరకు అక్కణ్ణుంచి కదిలితే ఐదారు కిలోమీటర్లలో శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించారు. స్తూపాలు, చైత్యగృహాలు మెట్టుమెట్టుగా పైకి పోతాయి. పైనుంచి నది సముద్రం వైపు సాగడం చూస్తే, ఒకప్పుడు రేవుగా వెలిగిన కళింగపట్నానికి ఎగువన భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో మాటలతో పని లేకుండా అర్థమవుతుంది. మెట్ల దారిలో నీడ తక్కువ. పదిన్నర దాటితే పెద్దవాళ్లు ఆయాసపడతారు, తలకి తువ్వాలు, మనిషికో లీటరు నీళ్లు తప్పవు.

నీళ్లలో దిగడం గురించి సూటిగానే చెప్పాలి. ఈ తీరంలో చాలా చోట్ల కాపలా ఈతగాళ్లు ఉండరు. ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది. అన్నిటికన్నా ప్రమాదం నదీ మొగలు. చూడ్డానికి నీళ్లు నిలకడగా, మోకాలి లోతే అన్నట్టుంటాయి. కానీ పాటు (సముద్రం వెనక్కి తగ్గడం) మొదలయ్యాక నది నీరూ, లోపలికి ఎక్కిన సముద్రపు నీరూ కలిసి ఒకే ఇరుకు దారిన బయటికి లాగుతాయి. మొగ దగ్గరి ఇసుక దిబ్బలు వరద వరదకీ చోటు మారతాయి, పోయినేడు నడిచిన చోట ఈ ఏడు నిలువు లోతుండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ పాటూ రెండూ ఎక్కువే. మొగకి కనీసం అరకిలోమీటరు దూరంలో, నడుం లోతు దాటకుండా, ఊరి మత్స్యకారులను అడిగి మరీ దిగాలి. వాళ్లు వద్దన్న చోట దిగకండి.

మొగ లేని చోట కూడా లాగుడు ఉంటుంది. వరసగా విరిగే అలల మధ్య ఒక్కచోట మాత్రం అల విరగకుండా, నీరు ముదురు రంగులో నునుపుగా కనిపిస్తే అది దిగడానికి మంచి చోటని అనుకుంటారు. అలలు ఒడ్డుకి తోసిన నీరంతా వెనక్కి పోయే కాలువ అదే. దాంట్లో చిక్కితే ఒడ్డు వైపు ఈదితే అలసిపోవడమే జరుగుతుంది. ఒడ్డుకి అడ్డంగా, పక్కకి ఈది, అలలు విరిగే చోటికి చేరాక అప్పుడు ఒడ్డుకి తిరగాలి. పిల్లలకి ఈ మాట బండిలోనే చెప్పి దింపండి.

మూడో రోజుకి శ్రీకూర్మం. టౌన్‌కి 13 కిలోమీటర్లు. కూర్మావతారంలో విష్ణువు కొలువైన గుడి, స్వామి పడమటి ముఖం, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. స్తంభాల మీది శాసనాలకు గంట సరిపోదు. సాయంత్రం నాగావళి సముద్రంలో కలిసే కల్లేపల్లి వైపు వెళ్లి కూర్చోవచ్చు, కూర్చోవడానికే. అరసవల్లికి ఆదివారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు. రథసప్తమి ముందు రోజు నుంచి ఆ చుట్టుపక్కల బండి కదలదు. శ్రీముఖలింగానికి కార్తీక సోమవారాలు అంతే.

నాలుగో రోజు సముద్రానికి సెలవిచ్చి పొందూరు వెళ్లమంటాం. ఇరవై కిలోమీటర్లే. సన్న ఖద్దరుకి పేరున్న ఊరు. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ చిన్న పళ్లకి చెత్త వీడి, పోగు తెగకుండా వస్తుంది. చేతి వడుకు కాబట్టి దారం అక్కడక్కడ లావుగా, సన్నగా ఉంటుంది, వెలుతురుకి ఎత్తి పడితే కనిపిస్తుంది. అచ్చంగా సమంగా ఉంటే అది మిల్లు దారం. ధర చూసి వెనకాడకండి, ఒక పంచెలో ఎన్ని రోజుల పని ఉందో అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది.

అయిదో రోజు సామాను సర్దుకుని పొద్దున్నే నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూసి, గుడి మూసేలోపు బయటపడి, టెక్కలిలో భోంచేసి, మూడింటికి తేలినీలాపురం. నౌపడ స్టేషన్‌కి దగ్గరలోనే ఉన్న ఈ ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి, డిసెంబరు, జనవరుల్లో పిల్లలకి మేత తెచ్చే సందడి చూడొచ్చు. దగ్గర్లోని తంపర నేలలే, అంటే నీరు నిలిచే పల్లాలే, వాటి మేత చోటు. ఊరి జనం వీటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు, చెట్ల కింద అరవకండి, చప్పట్లు కొట్టకండి. గూడు వదిలి తల్లి లేస్తే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. బైనాక్యులర్ లేకపోతే సగం చూసినట్టే. దారిలో నౌపడ ఉప్పు మళ్లు, ఓపికుంటే భావనపాడు. భావనపాడు బోట్ల కోసం చూడాలి, స్నానానికి కాదు.

ఆరో రోజుకి బారువ, ఈ తీరానికంతటికీ పై మాట. పలాస నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే. కొబ్బరితోటల నడుమ నుంచి రోడ్డు నేరుగా ఇసుకలోకి దిగుతుంది, మహేంద్రతనయ పక్కనే కలుస్తుంది, జనం తక్కువ. లోపాలూ ఉన్నాయి. వరసగా భోజనాల హోటళ్లు లేవు, ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే చోటు నమ్మకంగా దొరకదు. టిఫిన్ పలాసలో కట్టించుకుని, నీళ్ల క్యాన్ బండిలో వేసుకుని వెళ్లాలి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరమంతా తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. చీకట్లో టార్చి వేయడం, ఫ్లాష్‌తో ఫొటోలు తీయడం చేస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరుగుతుంది. ఇచ్ఛాపురం దాటి డొంకూరు దాకా పోవాలని కొందరికి ఉంటుంది. పలాస నుంచి అరవై కిలోమీటర్లు పోయి చూడాల్సినంత తేడా లేదు, ఆ పూట పలాస దగ్గరి మందసలో గడపండి.

తిండికి వద్దాం. శ్రీకాకుళం, పలాస మెస్సుల్లో చేపల పులుసు బాగానే ఉంటుంది. వంజరం, చందువా ఖరీదు. రుచి తెలిసినవాళ్లు కానాగంతలు, కవ్వళ్లు, నెత్తళ్లు అడుగుతారు. ఒడ్డున కొన్న చేప వండించుకోవాలంటే మెస్‌వాళ్లతో ముందు రోజే మాట్లాడుకోవాలి. కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. చేప ఎంత బరువో అంత ఐసు థర్మాకోల్ పెట్టెలో వేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్ల వేట నిషేధం, అరవైయొక్క రోజులు. ఆ రోజుల్లో చేపల కోసమే వస్తే నిరాశే, ముంజెల కోసం, పనసకాయ కోసం అయితే అదే కాలం.

రావాల్సింది నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరులో మొదటి పదిహేను రోజులకు డబ్బు వెనక్కి రాని బుకింగులు పెట్టుకోకండి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తిత్లీ ఉద్దానం (పలాస చుట్టుపక్కల తోటల ప్రాంతం) కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చిన తీరు ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ వారం అక్కడ గది దొరకదు.

ఏడో రోజు పలాసలో జీడిపప్పు కొని బయల్దేరండి. 240, 320 అని చెప్పే నంబర్లు ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి ఎన్ని గుండ్లు వస్తాయో చెప్పే లెక్క. నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ, రుచి మాత్రం ఒకటే. కూరకి, పాయసానికి బద్దలు చాలు, ముక్కలు ఇంకా చవక. కొరికితే పటుక్కుమనాలి, సాగితే తేమ పట్టిన సరుకు. మందస కోవా అదే పొద్దున ఆఖరున కొనాలి, రెండు రోజులకు మించి నిలవదు. అక్కణ్ణుంచి హైవే మీద దిగుతూ పూసపాటిరేగ దగ్గర మళ్లితే చింతపల్లి. లైట్‌హౌస్, పాటులో బయటపడే రాళ్లు. పోటు సమయానికి చేరితే రాళ్లు నీళ్లలో మునిగి ఉంటాయి కాబట్టి, ఆ రోజు పాటు ఎన్నింటికో ముందే చూసుకోండి, రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటుంది. పాకుడు మీద చెప్పులు జారతాయి, వెనక బెల్టున్నవి వేసుకోవాలి. చింతపల్లి నుంచి విజయనగరం గంట ప్రయాణం. రాత్రి రైలైతే 1713 నాటి కోట బయట నుంచి చూసి, గంటస్తంభం దగ్గర టిఫిన్ చేసి స్టేషన్‌కి చేరడానికి సమయం సరిపోతుంది.