ఒక్కరోజు ధర్నానా, రోజూ పది నిమిషాలా? ఊరి పనికి ఏది మేలు

నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఊళ్లలో నలభై ఏళ్లు దాటినవారిని అడిగి చూడండి. మంచినీళ్ల కోసమో, పింఛను కోసమో, చెరువు నింపాలనో ఎప్పుడో ఒకసారి డీసీఎం వ్యాను ఎక్కి కలెక్టరేటు ముందు కూర్చుని వచ్చామనే చాలామంది చెబుతారు. ఆ తర్వాత ఆ సంగతి ఏమైందని అడిగితే మాత్రం జవాబు తడబడుతుంది. ఊరి కోసం ఏదైనా చేయాలనుకునేవారు ఏడాదికోసారి వంద మందిని కూడగట్టి పోవడం మంచిదా, లేక ప్రతిరోజూ పది నిమిషాలు ఒకే పనికి కేటాయించడం మంచిదా అన్న ప్రశ్న నాకు ఇక్కడే మొదలైంది. రెండు దారుల్లోనూ కొన్నేళ్లు నడిచాను కాబట్టి, చూసినంత వరకు తూకం వేసి చెబుతాను.

ముందు ధర్నా ఖర్చు చూద్దాం. యాభై మందిని జిల్లా కేంద్రానికి తీసుకుపోవాలంటే వారం ముందు నుంచే ఇంటింటికీ తిరగాలి. బండి కిరాయి, పులిహోర పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, ఫ్లెక్సీ, మైకు అన్నీ చందాల మీదే నడవాలి. వచ్చిన ప్రతి మనిషికీ ఒక రోజు కూలి పోతుంది. పత్తి ఏరే కాలమైతే రైతు రమ్మన్న రోజున పోకపోతే మర్నాడు ఆ కూలి కూడా దొరకదు. పాలమూరు వైపు ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. వయసులో ఉన్నవారు సగం మంది హైదరాబాదుకో, పుణెకో, ముంబైకో పనికి పోయి ఉంటారు కాబట్టి, ధర్నాకు మిగిలేది ముసలివారు, చంటిపిల్లల తల్లులే.

ఇంత కష్టపడి పోతే దొరికేదేమిటి? దొరికేది తక్కువేమీ కాదు. ఒంటరిగా పోయినప్పుడు గుమ్మం దగ్గరే నిలబెట్టే కార్యాలయంలో, పదిమందితో పోయినప్పుడు అధికారి బయటికి వచ్చి మాట్లాడతారు. జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది తన ఒక్కరి ఖర్మ కాదని, పక్క ఊరి వారిదీ ఇదే గోస అని మనిషికి తెలుస్తుంది. ఆ ధైర్యం నోటుబుక్కులో రాసుకుంటే వచ్చేది కాదు.

కానీ ఆ మర్నాటి నుంచే చిక్కు మొదలవుతుంది. కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయం ముందు మేము మూడు గంటలు కూర్చున్నాక, ఒక అధికారి వచ్చి వినతిపత్రం తీసుకుని, పదిహేను రోజుల్లో చూస్తామన్నారు. పదహారో రోజున వెళ్లి అడగవలసిన మనిషి ఎవరో మేము ముందుగా అనుకోలేదు. మూడు నెలల తర్వాత నేను పోతే, ఆ కాగితం ఏ సెక్షనులో ఉందో చెప్పగలిగినవారు అక్కడ లేరు. అడగడానికి నా దగ్గర, కాగితం అందినప్పుడు కార్యాలయం వేసే ఇన్‌వర్డు నంబరు కూడా లేదు. వాళ్లు కాగితాన్ని పోగొట్టుకున్నారు, నిజమే. పోగొట్టుకోవడానికి వీలుగా ఇచ్చింది మాత్రం మేమే.

మన జిల్లాలో జరిగిన అతి పెద్ద నిరసనల్లో ఒకటి ఈ తూకానికి బాగా పనికొస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని జలసాధన సమితి పూనుకోగా, నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అక్కడ పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. ఢిల్లీ దాకా నల్లగొండ పేరు మోగింది. అదే ఏడాది ఎన్నికల చట్టాన్ని సవరించి, జనరల్ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ తరఫున కాని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. అంటే ఒక్క సవరణతో ఆ దారి బాగా ఇరుకైంది, అదే పని రెండోసారి చేయడం చాలా కష్టమైంది. పెద్ద పనిలో ఉన్న బలహీనత ఇదే: అది అందరికీ కనబడుతుంది కాబట్టి అడ్డుకట్ట వేయడమూ తేలిక. అయితే ఆ 480 నామినేషన్ల వెనక ఎన్ని ఇళ్లలో ఎన్ని సాయంత్రాలు కూర్చుని ఒప్పించి ఉంటారో, ఎవరి డిపాజిట్టుకు ఎవరు డబ్బు సర్ది ఉంటారో తలచుకుంటే, ఒక్కరోజు కనబడిన ఆ పని కూడా చిన్న చిన్న పనుల మీదే నిలబడిందని ఒప్పుకోవాలి.

ఫ్లోరైడ్ సంగతే ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే రోజువారీ పని వైపు నన్ను తిప్పింది అదే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. అంతకు మించిన నీళ్లు తాగినవారికి ఫలానా రోజున జబ్బు చేసిందని ఎవరూ చెప్పలేరు. పిల్లల పళ్ల మీద గార మచ్చలు వస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది. బిందె తర్వాత బిందెగా జరిగే ఈ నష్టానికి పత్రికలో వేయదగిన రోజంటూ ఒకటి ఉండదు. అలాంటి నష్టం మీద ఏడాదికోసారి అరిస్తే, మిగిలిన 364 రోజులు దాని పని అది చేసుకుపోతుంది.

మా పక్క బజారులో, అంటే ఊరి చివరి బజారులో, మొదలుపెట్టిన పని చాలా చిన్నది. ఒక 200 పేజీల నోటుబుక్కు కొని, స్కేలుతో అయిదు గళ్లు గీశారు: తేదీ, నల్లా వచ్చిన సమయం, ఆగిన సమయం, నీళ్ల రంగు, రాసినవారి పేరు. పెన్నుకు దారం కట్టి, ఆ దారాన్ని నోటుబుక్కు కుట్టుకు ముడివేసి, అరుగు మీది గూట్లో పెట్టారు. తడి చేతులతో తిప్పడం వల్ల మొదటి పది పేజీల మూలలు మెత్తబడి, సిరా అక్కడక్కడ అలుక్కుపోయి ఉంటుంది. చదువు రాని ఒక అవ్వ వంతు వచ్చిన రోజున మనవరాలు రాస్తుంది, అవ్వ పక్కన నిలబడి గడియారం చూపిస్తుంది. "రాస్తే నీళ్లొస్తయా బిడ్డా?" అని ఆమె నన్నే అడిగింది. "రావవ్వా, కానీ రాలేదని రుజువైతది" అన్నాను. అప్పటికి నాకూ అంతకన్నా తెలియదు.

రెండు నెలలు తిరిగాక తెలిసింది. పై బజారు వారు కూడా అలాగే రాయడం మొదలుపెట్టి ఉండడంతో, రెండు నోటుబుక్కులనూ పక్కపక్కన పెట్టి చూశాం. చివరి బజారుకు నీళ్లు రాని రోజుల్లో పై బజారుకు మామూలు కన్నా చాలా ఎక్కువ సేపు వచ్చాయి. కొరత ట్యాంకులో లేదు, వాల్వు తిప్పే వేళలో ఉంది. మేము ధర్నాకు పోయి ఉంటే మిషన్ భగీరథ పథకం నీళ్లు పెంచాలని కలెక్టరును అడిగి ఉండేవాళ్లం. ఆ కోరిక తీరినా చివరి బజారు ఎండే ఉండేది. పంచాయతీ కార్యదర్శి ముందు రెండు పుస్తకాలూ తెరిచి పెట్టాక వాల్వు వేళలు మారాయి. ఏమి అడగాలో తేల్చుకోవడమే సగం పని అని, దాన్ని రోజువారీ లెక్క తప్ప మరొకటి చెప్పదని నాకు అప్పుడు అర్థమైంది.

అయితే చిన్న పనులన్నీ ఒకే తూకానికి రావు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం అన్నిటికన్నా సులువు, పది సెకన్లు చాలు. పగిలిన పైపు ఫొటో తేదీతో సహా ఉంటే అది పనికొచ్చే రుజువే. కానీ సాయంత్రానికి దాని మీద శుభోదయాలు, పెళ్లి పత్రికలు, పార్టీల తగాదాలు పేరుకుపోయి వెతికినా దొరకదు. పైగా పెట్టినవారికి ఏదో చేశామన్న తృప్తి మిగిలి, అసలు చేయవలసిన పని ఆగిపోతుంది. అందుకే ఫొటోను నోటుబుక్కుకు తోడుగా మాత్రమే లెక్కించాలని నా అభిప్రాయం.

దరఖాస్తు దానికన్నా బరువైన పని. సమాచార హక్కు చట్టం 2005 కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఇక్కడ తేదీ మన చేతిలోకి వస్తుంది. ధర్నాలో అధికారి చెప్పిన పదిహేను రోజులు ఆయన నోటి మాట; ఈ 30 రోజులు చట్టం మాట. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇచ్చే అర్జీకి కూడా రసీదు తీసుకుని, ఆ నంబరును అదే నోటుబుక్కు వెనక అట్ట లోపల రాసుకుంటే, పదహారో రోజున ఎవరు పోయినా అడగగలుగుతారు. వలస పోయినవారికి ఇందులో మంచి పాత్ర ఉంది. ఊళ్లో లేకపోయినా దరఖాస్తు టైపు చేసి పోస్టులో పంపే పని, గడువు తేదీలు ఫోనులో గుర్తుపెట్టి ఊరికి చెప్పే పని వారు చేయగలరు. వారి పేర్లే ఓటరు జాబితాలో ఎక్కువగా గల్లంతవుతాయి కాబట్టి, సాయంత్రం పది ఇళ్ల చొప్పున జాబితా సరిచూసి, పేరు లేనివారి చేత ఓటరుగా నమోదుకు ఇచ్చే ఫారం 6 నింపించడం కూడా రోజుకు పది నిమిషాల పనే.

గ్రామసభ విషయంలో నాకు కొంచెం బాధ ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. కలెక్టరేటు దాకా యాభై మందిమి పోయే మనమే, నడిచి పోగలిగిన ఈ సభకు అయిదుగురం కూడా పోము. అక్కడ మన మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కితే, తర్వాత వచ్చే ఏ అధికారి అయినా దాన్ని చూడక తప్పదు. పోయినప్పుడు సంతకం చేసి రావడం కాకుండా, రాసిన తీర్మానాన్ని పైకి చదివించుకుని, తర్వాత సంతకం చేయడం మంచిది.

ఇంత చెప్పినా, చిన్న పని సరిపోని సందర్భాలు ఉన్నాయి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు, అమ్రాబాద్ వైపు జనం రోజుకో కాగితం రాసుకుంటూ కూర్చుని ఉంటే సమయం చేయి దాటిపోయేది. అడవిలోని చెంచుల గూడేలైన పెంటల నుంచి హైదరాబాదు దాకా ఒకేసారి గొంతెత్తారు. సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. భూసేకరణ నోటీసు వచ్చినా, ప్రజాభిప్రాయ సేకరణ తేదీ వేసినా అంతే. ఎదుటివారు తేదీ పెట్టినప్పుడు ఆ తేదీకి ముందే పెద్ద సంఖ్యలో పోవలసిందే. రోజూ కొద్దికొద్దిగా జరిగే అన్యాయానికి, ఒకేసారి మీద పడే ప్రమాదానికి మందు ఒకటి కాదు.

ఈ రెండింటి మధ్య మనవాళ్లే కనిపెట్టిన దారి ఒకటి ఉంది. తెలంగాణ ఉద్యమ కాలంలో టాంక్‌బండ్ మీద 2011 మార్చి 10 నాటి మిలియన్ మార్చ్‌ను అందరూ గుర్తుపెట్టుకున్నారు. మండల కేంద్రాల్లో టెంటు కింద నెలల తరబడి సాగిన రిలే నిరాహార దీక్షలను గుర్తుచేసుకునేవారు తక్కువ. ఈ రోజు ఉపాధ్యాయులు, రేపు ఆటో డ్రైవర్లు, ఎల్లుండి చేనేత కార్మికులు వచ్చి కూర్చునేవారు. ఎవరి బతుకుదెరువూ ఒక రోజుకు మించి ఆగలేదు, టెంటు మాత్రం ఖాళీ కాలేదు. అదే ఏడాది సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు సాగిందంటే, అంతకు ముందే అన్ని వృత్తుల వారికీ వంతు వేసుకోవడం అలవాటై ఉండడం ఒక కారణమని నేను నమ్ముతాను. ఇంకా వెనక్కి పోతే, నిజాం కాలంలో, 1944లో, ఆంధ్ర మహాసభ అనే ప్రజా సంఘం భువనగిరి సభలో తన సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగు అణాలకు తగ్గించారు. కూలి మనిషి కూడా ఇవ్వగలిగినంత చిన్నదిగా చేశాకే సంఘం ప్రతి ఊరికీ చేరింది.

కాబట్టి నీళ్లు, పింఛను, రేషను, వీధి దీపాలు, బడిలో టీచరు లాంటి విషయాలకు నేను రోజువారీ పని వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద: ఆ పని ఒక్కరి నెత్తిన ఉండకూడదు. ఒంటరిగా మోసినవారు ఆరు నెలలకు అలసిపోవడం, ఇంట్లో మాటపడడం, చివరికి ఊరి మీదే కోపం పెంచుకోవడం నేను కళ్లారా చూశాను. వారంలో ఒక్క రోజు మాత్రమే వంతు ఉండాలి, తప్పిన రోజును నిష్ఠూరాలు లేకుండా పక్కింటివారు రాయాలి, రెండు నెలలకు ఒకసారి గ్రామసభకు ముందు రోజు అందరూ కూర్చుని పుస్తకం చదవాలి. ధర్నా అవసరమైతే ఆ రోజు కూర్చున్నప్పుడే నిర్ణయించుకోవాలి. అప్పుడు పోయేవారి చేతిలో పేజీల జిరాక్సు, పాత రసీదుల నంబర్లు ఉంటాయి, పదహారో రోజున ఎవరు పోవాలో పేరు కూడా రాసి ఉంటుంది.

పక్క బజారులో ఇప్పుడు రెండో నోటుబుక్కు నడుస్తోంది. మొదటిదాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి అవ్వ తన ట్రంకుపెట్టెలో, పట్టా కాగితాల పక్కన పెట్టుకుంది.