జేజి, తమ్ముడు కలిసి చూడటానికి ఏది మేలు?

అనంతపురంలో మా జేజి, ఇంటర్ చదివే మా తమ్ముడు కలిసి చూసేందుకు రెండు అమెరికన్ టెలివిజన్ నాటకాలను ఎంచాను. 1977లో వరుసగా 8 రాత్రులు ప్రసారమైన ‘రూట్స్’ ఒక కుటుంబం తరతరాలుగా అనుభవించిన బానిసత్వాన్ని విస్తారంగా చూపుతుంది. అయినా నా మొగ్గు 1974 నాటి ‘ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ మిస్ జేన్ పిట్‌మన్’ వైపే. అందులో 110 ఏళ్ల నల్లజాతి వృద్ధురాలు తన బతుకంతా ఒక తెల్లజాతి పాత్రికేయుడికి చెప్పుకొస్తుంది; తనకంటే ఎంతో చిన్నవాడైన అతడు ఓపికగా వినడంలోనే వారిద్దరి మధ్య చనువు పెరుగుతుంది. చివరలో ఆ వృద్ధురాలి పాత్రలోని నటి సిసిలీ టైసన్ చేతికర్ర ఊతంతో మెల్లగా నడిచి వెళ్లి, తెల్లవారికే కేటాయించిన కుళాయి వద్ద వంగి నీళ్లు తాగుతుంది. జాతివివక్ష, కులవివక్ష ఒకటి కావు. కానీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతిని కళ్లారా చూసిన మా జేజికి ఆ కుళాయి సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. తమ్ముడు అడిగితే ఆమే చెబుతుంది.