ఏజెంట్లకిచ్చే డిలీట్ టూల్: డాక్యుమెంటేషన్‌కే నా ఓటు
మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్ చేతికి డిలీట్ టూల్ ఇవ్వాలంటే గుండెల్లో గుబులే, అది టూల్ డిస్క్రిప్షన్‌లో ఏముంటే దాన్నే నమ్ముకుని పోతుంది మరి. నేను వాడిన ఈ పోస్టుల డిలీట్ టూల్ చేసినవాళ్ళు మాత్రం మొదటి లైన్లోనే క్లియర్‌గా రాశారు, మామూలుగా పోస్టు ట్రాష్‌లోకి వెళ్తుంది, ఫోర్స్ అనే ఆప్షన్ ట్రూ అని ఇస్తే ఇక వెనక్కి రాదు అని. టైటిల్ ఇస్తే ఒప్పుకోదు, ఐడీ తెలీకపోతే ముందు సెర్చ్ టూల్ వాడమని కూడా ఉంది, అందుకే ఒకే పేరుతో రెండు డ్రాఫ్టులు కనిపిస్తే నా ఏజెంట్ ఆగి ఏది తీసెయ్యాలని అడిగింది. చాలా నచ్చింది. ఎంసీపీలో (ఏజెంట్లకి టూల్స్ కలిపే ప్రోటోకాల్) డిస్ట్రక్టివ్ హింట్, అంటే ఈ టూల్ డేటా చెరిపేయొచ్చని చెప్పే గుర్తు, కూడా ట్రూ పెట్టారు, కానీ అది ఉత్త హింటే, పర్మిషన్లు మనమే టైట్ చేసుకోవాలి. లోటల్లా 404, అంటే పోస్టు దొరకలేదనే ఎర్రర్, వస్తే ఏం చెయ్యాలో రాయకపోవడం, ఆల్రెడీ డిలీట్ అయిందో ఐడీయే తప్పో తెలీక ఏజెంట్ మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తోంది. ఐదుకి నాలుగు.