నీడ చూసి గీసిన వాకిలి: సైనిక్‌పురిలో మేము చేయించుకున్న ల్యాండ్‌స్కేపింగ్ మీద రివ్యూ

ఇంటి ముందు స్థలం బాగు చేయించుకుందామని ఎవరినైనా పిలిస్తే వాళ్లు మొదట అడగాల్సింది ఒకటే. మీరు బయట ఏ వేళ కూర్చుంటారు, ఆ వేళకి అక్కడ నీడ ఉంటుందా? మేము కొటేషన్ తీసుకున్న వాళ్లలో ఆ మాట అడిగింది ఒక్క సంస్థే. పని వాళ్లకే ఇచ్చాం. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా మార్కులు వేయగలను. డిజైన్‌కి ఐదుకి ఐదు, రాతి పనికి నాలుగు, మొక్కలకి రెండున్నర, పని ముగిశాక బాధ్యతకి ఒకటి. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరితో చేయించుకున్నా మీకు పనికొచ్చే విషయాలు రాస్తున్నాను.

మాది హైదరాబాదు సైనిక్‌పురిలో నాలుగు వందల గజాల పాత ఇల్లు, తూర్పు ముఖం. ముందు నలభై అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల లోతు ఖాళీ స్థలం ఉంది. ఆగ్నేయం మూల అత్తయ్య నాటిన బంగినపల్లి మామిడి, ఈశాన్యంలో సంపు, మిగతాదంతా సిమెంటు గచ్చు. వేసవిలో రాత్రి తొమ్మిదింటికి కూడా ఆ గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడితే వేడి తెలిసేది. బయట కుర్చీ వేసుకోవాలన్న ఆశే పోయింది మాకు.

మొదట వచ్చిన వాళ్లు ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మలు చూపించారు. ప్లాస్టిక్ గడ్డి, తెల్ల గులకరాళ్లు, గోడకి ఫౌంటెన్, దాని పక్కన బుద్ధుడి తల. బొమ్మలో బాగానే ఉంది. కానీ మే నెల ఎండలో ప్లాస్టిక్ గడ్డి గచ్చు కంటే ఎక్కువ కాలుతుంది. ఫౌంటెన్ మోటారు చెడిపోయి వారం పది రోజులు నీళ్లు నిలబడితే చాలు, డెంగీ దోమకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ప్రహరీ పొడవునా కోనోకార్పస్ వేస్తామన్నారు, ఏడాదిలో పచ్చటి గోడలా లేస్తుందని. గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటొద్దని నిషేధించిన మొక్క అది. సంపు పక్కనే దాని వేళ్లు పాకించుకోవడం నాకు ఇష్టం లేదు, వద్దన్నాను.

మేము పని ఇచ్చిన సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఆర్కిటెక్ట్. ల్యాప్‌టాప్ తెరవలేదు. బ్యాగులోంచి సుద్దముక్క తీసింది. గచ్చు మీద ఇంటి నీడ ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి పక్కన టైము రాసింది. మామిడి నీడ చుట్టూ ఇంకో గీత. మధ్యాహ్నం మళ్లీ గీసింది, సాయంత్రం మళ్లీ. ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్‌తో మే నెలకి, డిసెంబరుకి తేడా ఎంతో లెక్క చూసుకుంది. ఆ సాయంత్రానికి మా గచ్చంతా గీతలే. మే నెలలో నాలుగు గంటలకల్లా ఇంటి నీడ ముందు స్థలంలో ముప్పాతిక వంతు కప్పేస్తుందని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాం, మాకెవరికీ ఆ సంగతి పట్టలేదు. సాయంత్రం కూర్చోడానికి పెర్గోలా (స్తంభాల మీద కమ్మీల పందిరి), షెడ్డు ఏవీ అక్కర్లేదని తేలింది. వాటి ఖర్చే లక్ష దాకా మిగిలింది.

ఉత్తరం పక్క సందు గురించి ఆమె చెప్పింది కూడా రాయాలి. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అనుకుని అక్కడ ఫెర్న్ కుండీలు పెట్టేదాన్ని, ఏటా వేసవిలో మాడిపోయేవి. కారణం ఇది. హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపున ఉంటాడు. అంటే వేసవి నడిమధ్యలో ఉత్తరం సందులోకి నేరుగా ఎండ వస్తుంది. ఇప్పుడక్కడ కరివేపాకు, నిమ్మ ఉన్నాయి, రెండూ ఎండకి తట్టుకున్నాయి.

తర్వాత బకెట్టు నీళ్లు తెప్పించి గుమ్మం ముందు కుమ్మరించింది. నీళ్లు గేటు వైపు వెళ్లాల్సింది, తిరిగి వచ్చి ఇంటి గోడ వెంట నిలబడ్డాయి. ముందు గదిలో గోడ అడుగున పెయింట్ ఎందుకు పొక్కులు లేస్తోందో ఆ బకెట్టు నీళ్లే చెప్పాయి. కొత్త నేలకి పది అడుగులకి ఒకటిన్నర అంగుళం చొప్పున గేటు వైపు వాలు పెట్టించారు. డాబా పైపు, నేల మీది వాన నీళ్లు రెండూ గేటు దగ్గర ఇంకుడు గుంతలోకి వెళతాయి. అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం., పైన దొడ్డు ఇసుక. మా డాబా 1,800 చదరపు అడుగులు, సుమారు 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇరవై మిల్లీమీటర్ల జల్లుకి డాబా మీది నీళ్లే 3,300 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకరులో మూడింట రెండు వంతులు. ఏప్రిల్‌లో ట్యాంకరు బుక్ చేసి ఎదురుచూసిన వాళ్లకి ఈ లెక్క విలువ తెలుసు.

నాకు ముందంతా పచ్చిక కావాలని ఉండేది. ఆమె వద్దనలేదు, లెక్క చెప్పింది. "మేడమ్, ఎండాకాలం పచ్చికకి చదరపు మీటరుకి రోజుకి ఐదు లీటర్లు వేసుకోండి. ఆరు వందల చదరపు అడుగులంటే రోజుకి 280 లీటర్లు. మీ బోరు ఇవ్వగలదా?" మా బోరు మార్చికే దగ్గుతుంది. చివరికి సంపు పక్కన, మధ్యాహ్నం దాకా ఎండ తగిలే చోట నూట ఇరవై చదరపు అడుగుల మెక్సికన్ గ్రాస్ వేశాం. మనవరాలు దొర్లడానికి అది చాలు. చెట్టు కింద మాత్రం మెక్సికన్ గ్రాస్ వేయకండి, ఎంత చేసినా నీడలో పలచబడి బోడిగా మిగులుతుంది. మామిడి కింద మేము చెట్టు ఆకులే పరిచి ఉంచుతున్నాం. నేల తడి ఆరదు, ఆకులు ఎత్తి పారబోసే పనీ లేదు.

ఇక మామిడి చుట్టూ కట్టిన అరుగు. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కొటేషన్లలో చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా సిమెంటు దిమ్మె కట్టి గ్రానైట్ వేస్తామన్న వాళ్లు ఉన్నారు. మొదలు దగ్గర మట్టి పోసి సిమెంటు చేస్తే వేళ్లకి గాలి ఆడదు, చెట్టు మెల్లగా ఎండుతుంది. వీళ్లు మొదలుకి మూడు అడుగుల దూరం వదిలి, ఒక పక్కన అర్ధచంద్రంలా అరుగు కట్టారు. కింద లోతుగా తవ్వలేదు.

ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గర మేస్త్రీ పద్దెనిమిది అంగుళాలు మామూలే అన్నాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. సిమెంటు లేకుండా ఇటుకలు పేర్పించి, మీద బండ పెట్టించి, "అమ్మమ్మ గారూ, ఒకసారి కూర్చుని లేవండి" అంది. అత్తయ్య కూర్చుంది. లేవబోతే చెయ్యి గాల్లోకి వెళ్లింది. "పట్టుకోనీకి ఏం లేదు బిడ్డా, మోకాళ్ల మీద బరువంత పడుతున్నది" అంది. ఒక వరస ఇటుక పెంచారు, కాళ్లు నేలకి సరిగా ఆనలేదు. మధ్యలో పలచటి పెంకులు పెట్టి చూశారు. చివరికి పంతొమ్మిది అంగుళాల దగ్గర కుదిరింది, కుడి చేతి పక్కన ఊతానికి చిన్న రాతి దిమ్మె వేశారు. దాని అంచులు గుండ్రంగా అరగదీయించారు. ఇప్పుడు అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సాయంత్రం బయటికి వచ్చి కూర్చుంటుంది, తానే లేచి లోపలికి వెళుతుంది. మూడు లక్షల ఎనభై ఐదు వేలు పెట్టిన పనిలో నాకు తృప్తి కలిగించింది ఈ అరుగు.

నేలకి పసుపు తాండూరు బండలు. వికారాబాద్ జిల్లా రాయి, దగ్గర్లోదే కాబట్టి రవాణా కలిసొచ్చింది. నీలం రకం కంటే ఇది లేత రంగు, ఎండకి తక్కువ కాలుతుంది. పాలిష్ లేని గరుకు బండే తీసుకోండి, బయట వాన పడితే పాలిష్ రాయి జారుతుంది. మొరం దిమ్మిస కొట్టి, మీద స్టోన్ డస్ట్ పరిచి, బండకీ బండకీ మధ్య అర అంగుళం సందు వదిలి సన్న చిప్స్ నింపారు. చిన్న వాన నీళ్లు అక్కడికక్కడే ఇంకిపోతాయి. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, గేటు దగ్గర కారు చక్రం ఎక్కే చోట కింద దిమ్మిస సరిగా కొట్టలేదు, రెండు బండలు దిగి కదులుతున్నాయి.

తాండూరు బండ గురించి ఇంకో మాట. ఇది సున్నపురాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్ పడితే పై పొర తినేసి తెల్లటి మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. పనమ్మాయికి ముందే చెప్పి పెట్టుకోండి. మామిడి కింద వేసేవాళ్లు పూత కాలం సంగతి కూడా తెలుసుకోవాలి. జనవరి, ఫిబ్రవరిలో తేనెమంచు పురుగు పడితే ఆకుల నుంచి జిగురు కారుతుంది, బండల మీద పడ్డ చోట నల్లటి మసి పడుతుంది. సబ్బునీళ్లు, కొబ్బరి చీపురుతో పోతుంది కానీ ఆ నెలల్లో వారం వారం కడగాల్సిందే. ఇది డిజైన్ చేసినవాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. అరుగు అక్కడే కావాలని అప్పుడైనా అనేదాన్ని, ఒక తాటాకు పందిరో ఏదో ఆలోచించుకునేవాళ్లం.

మొక్కల దగ్గర నాకు నిజంగా బాధ కలిగింది. ఎంపిక మంచిదే. దక్షిణం ప్రహరీ వెంట నందివర్ధనం, నూరువరహాలు, ఒక దేవగన్నేరు. గేటు మీదికి రాధామనోహరం. అత్తయ్య పూజకి పారిజాతం. మొక్కలు కడియం నుంచి లారీలో వచ్చాయి. అవి పెరిగింది గోదావరి పక్క తేమలో. అలాంటి వాటిని మే నెల మూడో వారంలో, మన ఎండలో నాటుతుంటే జూన్‌లో వాన పడ్డాక నాటండని నేను బతిమాలాను. బిల్లు క్లోజ్ చేయాలని సూపర్‌వైజరు తొందర. వేరు చుట్టూ ఉన్న బంకమట్టి ముద్ద కదిలించకుండా, కొన్నింటికి ప్లాస్టిక్ సంచి కూడా పూర్తిగా విప్పకుండా పాతిపెట్టి వెళ్లారు. ఎండిపోయిన నూరువరహాలు పీకి చూస్తే సంచి వేరుకి చుట్టుకుని ఉంది, ముద్ద లోపల పొడిగా రాయిలా ఉంది. పైన నేను రోజూ పోసిన నీళ్లు ఆ ముద్దలోకి వెళ్లనే లేదు. చేతులారా పెంచుకుందామనుకున్న మొక్కలు అలా పోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. చచ్చిపోయినవాటిలో సగమే మార్చి ఇచ్చారు, అదీ ఫోన్ల మీద ఫోన్లు చేశాక.

లైట్లూ అంతే. తెల్లటి లైట్లు బిగించబోతే పసుపు వెలుగు, 3000 కెల్విన్‌వి వేయించుకున్నాను. తెల్ల లైటుకి వానాకాలంలో ఉసిళ్లు ఎక్కువ చేరతాయి, కళ్లకీ హాయిగా ఉండదు. లైట్ మంచిదే, వైరు జాయింటుకి మాత్రం టేపు చుట్టి మట్టిలో పూడ్చేశారు. మొదటి పెద్ద వానకే మూడు లైట్లు ఆరిపోయాయి, ఒకసారి ఎంసీబీ (కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్) కూడా పడిపోయింది. ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతుంటే ఇది మామూలు తప్పు కాదు. మా ఎలక్ట్రీషియన్ వచ్చి వాటర్‌ప్రూఫ్ జంక్షన్ బాక్సులు పెట్టి సరిచేశాడు. ఏడాది మెయింటెనెన్స్ అని బిల్లులో రాశారు, మాలి కొన్నాళ్లు వచ్చి మానేశాడు.

మీరు చేయించుకునేటప్పుడు డిజైన్ ఫీజు, కట్టుబడి, మొక్కలు, కరెంటు పని నాలుగూ విడివిడిగా బిల్లు అడగండి. మాకు డిజైన్ ఫీజు ముప్పై వేలు, తర్వాత మొత్తం బిల్లులో కలిపేశారు. కలపడం వల్లే మొక్కలకి డబ్బు ఆపుకునే వీలు లేకపోయింది. మొక్కల డబ్బులో మూడో వంతు ఆరు నెలల తర్వాతే ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. నాటే రోజు దగ్గరుండి ప్రతి సంచీ విప్పించండి.

ఇంటి వెనక పడమటి పెరడు ఇంకా అలాగే ఉంది, అక్కడ మూడు గంటల ఎండ నేరుగా కొడుతుంది. దాని డిజైన్ కూడా ఆ అమ్మాయితోనే గీయిస్తాం, ఇప్పటికే మాట్లాడాను. కట్టుబడికి అదే మేస్త్రీని విడిగా పిలుస్తున్నాం. మొక్కలు మాత్రం జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, మా వీధి చివర నర్సరీలో ఇక్కడి ఎండకి అలవాటైనవి చూసి నేనే తెచ్చి నాటుకుంటాను.