స్పియర్‌ఫిష్‌లో మూడు రోజులు: అమెరికా ప్రభుత్వ వాతావరణ సేవపై సమీక్ష

మౌంట్ రష్‌మోర్ చూడడానికి దక్షిణ డకోటా వెళ్లేవారు సాధారణంగా రాపిడ్ సిటీలో బస చేస్తారు. మేము ఇంటర్‌స్టేట్ 90 మీద మరో ముప్పావు గంట ప్రయాణించి, బ్లాక్ హిల్స్ అనే కొండల ఉత్తరపు అంచున ఉన్న స్పియర్‌ఫిష్ అనే చిన్న ఊరిలో, అక్టోబరు నెలలో మూడు రోజులు ఉన్నాము. ఆ మూడు రోజులూ కారు ఎటు తిప్పాలో, పిల్లలకు ఏ దుస్తులు వేయాలో అమెరికా జాతీయ వాతావరణ సేవ వారి ఉచిత అంచనాలను చూసే నిర్ణయించుకున్నాము.

ఊరి సంగతి కొంత తెలిస్తేనే ఆ సేవ విలువ అర్థమవుతుంది. 1868లో అమెరికా ప్రభుత్వం చేసుకున్న ఫోర్ట్ లారమీ ఒప్పందం బ్లాక్ హిల్స్‌ను అక్కడి మూలవాసులైన లకోటా ప్రజలకు వదిలిపెట్టింది. బంగారం బయటపడగానే ఆ మాట నీటి మూట అయింది, 1876లో ఈ ఊరు వెలిసింది. పక్కనున్న లీడ్, డెడ్‌వుడ్‌లలో గనులు తవ్వేవారికి తిండి సరుకులు అమ్మి ఇక్కడి రైతులు స్థిరపడ్డారు.

అయితే స్పియర్‌ఫిష్‌కు పేరు తెచ్చింది గాలి. 1943 జనవరి 22 ఉదయం ఏడున్నరకు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ ఉన్న చలి, కొండల మీదుగా దిగివచ్చిన చినూక్ అనే పొడి గాలి తాకగానే, రెండు నిమిషాలలో 7 డిగ్రీలకు చేరింది. తొమ్మిదింటికి 12 డిగ్రీలైన వేడిమి, ఆ గాలి తగ్గగానే అరగంట లోపే మళ్లీ మైనస్ 20కి పడిపోయింది. ఆ దెబ్బకు కిటికీ అద్దాలు పగిలాయి. కొండ దిగేకొద్దీ గాలి ఒత్తిడికి లోనై, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కడమే చినూక్ రహస్యం. అదే రోజు లీడ్‌లో 11 డిగ్రీలు ఉన్న సమయానికి, రెండున్నర కిలోమీటర్ల దూరంలోని డెడ్‌వుడ్‌లో మైనస్ 27 నమోదైంది.

ఇలాంటి చోట జిల్లా అంతటికీ కలిపి ఒక అంకె చెబితే ప్రయోజనం ఉండదు. ఈ సేవ వెబ్‌సైటులో పటం మీద మనకు కావలసిన చోట నొక్కితే, దాదాపు రెండున్నర కిలోమీటర్ల గడికి విడిగా ఏడు రోజుల అంచనా వస్తుంది. మేము ఊరి మీద ఒకసారి, ఊరి పక్కనున్న స్పియర్‌ఫిష్ లోయ పైభాగంలోని రఫ్‌లాక్ జలపాతం మీద ఒకసారి నొక్కి చూస్తే, కింద వాన, పైన మంచు అని కనిపించింది. మర్నాటి ప్రయాణం మధ్యాహ్నానికి మార్చుకున్నాము. ప్రకటనలు లేవు, ఖాతా తెరవమనే పోరు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది రాపిడ్ సిటీ కార్యాలయం నిపుణులు వెలువరించే చర్చా వ్యాసం. అంచనా ఎందుకు అలా వేశారో, ఏ విషయంలో తమకు సందేహం ఉందో అందులో దాచకుండా రాస్తారు. పరిభాష మొదట కొరుకుడు పడదు, కానీ రెండు రోజులు చదివితే అలవాటవుతుంది. పుట అమరిక మాత్రం పాతకాలపుది, ఉష్ణోగ్రతలు ప్రధానంగా ఫారెన్‌హీట్‌లోనే ఉంటాయి. వారి హెచ్చరికలలో ‘వాచ్’ అంటే ప్రమాదానికి అవకాశం ఉందని, ‘వార్నింగ్’ అంటే అది వచ్చేసిందని లేదా రావడం దాదాపు ఖాయమని కొత్తవారు ముందే తెలుసుకోవాలి. చలికాలంలో అటు వెళ్లేవారు ఊరి పేరు వెతికి ఊరుకోక, తాము నిజంగా వెళ్లే కొండ మలుపు మీదే నొక్కి చూడడం మంచిది.