ఎలక్ట్రో అకౌస్టిక్ బేస్ గిటార్ కొంటున్నారా? డబ్బులు పంపకముందే ఇది చదవండి

ఫోన్‌లో వీడియో చూసి, డబ్బులు పంపి, కొరియర్‌లో ఎలక్ట్రో అకౌస్టిక్ బేస్ (చెక్క పెట్టెతోనే మోగుతూ, కావాలంటే ఆంప్‌కి, అంటే శబ్దం పెంచే స్పీకరు పెట్టెకి కూడా పెట్టుకోగలిగే బేస్ గిటార్) తెప్పించుకుందాం అనుకునేవాళ్లు దయచేసి ఒక్క నిమిషం ఆగండి. హైదరాబాద్‌లో ఒక షాపు "కొత్త పీస్, సాలిడ్ స్ప్రూస్ టాప్" (అంటే పైపలక ప్లై కాదు, పొరలు లేని అసలు స్ప్రూస్ చెక్క) అని చెప్పి, పైపలక మీద తీగలు పట్టి ఉంచే బ్రిడ్జ్ ఊడిపోతే మళ్లీ అతికించిన గిటార్‌ని నాకు అంటగట్టింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. అయినా ఇలాంటి పని ఆ ఒక్క షాపులోనే జరుగుతుందని నేను అనుకోవడం లేదు, వాళ్లు ఏది ఎలా దాచారో తెలిస్తే మీరు ఎక్కడ కొన్నా పట్టుకోగలరు.

మాది విజయవాడ. చర్చిలో బేస్ వాయిస్తాను. డిసెంబరులో క్యారల్ రౌండ్లకి రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగేటప్పుడు ఎలక్ట్రిక్ బేస్, ఆంప్, కరెంటు బాక్సు ఇవన్నీ మోసుకు తిరగలేం, అందుకే అకౌస్టిక్ బేస్ చూశాను. షాపతను ఫోన్‌లో "ఆంప్ అక్కర్లేదు బ్రదర్, ఉత్తినే వాయించినా వీధంతా వినపడుతుంది" అన్నాడు. ముందు ఈ మాట సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ గిటార్లు సగం ఈ మాట మీదే అమ్ముడుపోతున్నాయి.

వినపడదండీ. బేస్‌లో లావు తీగ, అంటే ఇ స్ట్రింగ్, సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని గట్టిగా పలికించాలంటే పెట్టె చాలా పెద్దది కావాలి, నిలబడి వాయించే డబుల్ బేస్ మనిషంత ఎత్తు ఉండేది అందుకే. 1972లో అమెరికాలో ఎర్నీ బాల్ కంపెనీ ఎర్త్‌వుడ్ అని ఒక అకౌస్టిక్ బేస్ తెచ్చింది, మెక్సికో వాళ్లు వాయించే గిటారోన్ అనే పెద్ద పొట్ట గిటార్ చూసి దాని పెట్టెని 8 అంగుళాలకు పైగా లోతు చేశారు. ఇప్పుడు మన షాపుల్లో దొరికేవి చాలావరకు దాంట్లో సగం లోతు ఉంటాయి. ఇంట్లో కూర్చుని ఒక మామూలు గిటార్‌తో కలిసి వాయించుకుంటే హాయిగా ఉంటుంది, ప్రాక్టీసుకి చాలా మంచిది, ఆ చెక్క శబ్దం నాకు నిజంగా ఇష్టం. కానీ డోలక్ ఒకటి, తాళాలు, పదిహేను గొంతులు కలిశాయంటే బేస్ అసలు ఉన్నట్టే తెలియదు. బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ ఎలాగూ కొనాల్సిందే, ఆ ఖర్చు కూడా కలుపుకుని బడ్జెట్ వేసుకోండి.

ఇక వచ్చిన పీస్ సంగతి. వీడియోలో అతను ఆంప్‌కి పెట్టి సన్నగా ఉండే డి, జి తీగల మీదే టకటకా ఏదో వాయించాడు, బాగానే ఉంది. ఇంటికొచ్చాక ఆంప్‌కి పెడితే డి స్ట్రింగ్ దద్దరిల్లుతోంది, ఇ స్ట్రింగ్ పక్క గదిలో మోగినట్టు ఉంది. ఫోన్ చేస్తే "బ్యాటరీ వీక్ అయ్యుంటుంది, 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వెయ్యండి" అన్నాడు. ఈ సమాధానం మీకూ చెప్తారు, నమ్మకండి. బ్యాటరీ తగ్గితే నాలుగు తీగల శబ్దమూ ఒకేలా పడిపోతుంది, గరగరమంటుంది, ఒక్క తీగని మాత్రమే తగ్గించదు. ఈ గిటార్లలో పికప్ అంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్క) కింద సన్నగా ఉండి, ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గా మార్చే పీజో పట్టీ, తీగ ఒత్తిడి దాని మీద సమంగా పడితేనే నాలుగు తీగలూ సమంగా పలుకుతాయి. బ్యాటరీ మార్చినా తేడా లేకపోయేసరికి మా ఊళ్లో గిటార్లు రిపేర్ చేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన శాడిల్ తీస్తే కింద ఒక పక్కన మడతపెట్టిన కాగితం ముక్క ఉంది. శాడిల్ అడుగు వంకరగా అరగదీసి, దాన్ని సరిచేయడానికి కాగితం దూర్చారు. బ్యాటరీ పెట్టే చోట రేకులకి పచ్చటి చిలుము పట్టి ఉంది, అంటే పాత బ్యాటరీ ఎప్పుడో లీక్ అయింది. కొత్త పీస్‌లో బ్యాటరీ ఎలా లీక్ అవుతుంది?

బ్రిడ్జ్ దగ్గర అసలు మోసం బయటపడింది. ట్యూన్ చేసిన బేస్ తీగలు నాలుగూ కలిపి ఇంచుమించు 70 కేజీల బరువుతో బ్రిడ్జ్‌ని ముందుకు లాగుతూ ఉంటాయి, అందువల్ల జిగురు వదిలితే ముందు లేచేది వెనక అంచే. మేస్త్రి ఒక విజిటింగ్ కార్డు తీసి ఆ అంచు కింద పెడితే సగం దాకా లోపలికి వెళ్లిపోయింది. చుట్టూ ఎండిన జిగురు చుక్కలు, వాటి మీద కొత్తగా వార్నిష్. పైన అందంగా కనిపించే రెండు ముత్యపు చుక్కల కింద రెండు బోల్టులు. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే బోల్టులు వేస్తాయి, కాబట్టి బోల్టు ఉన్నంత మాత్రాన మోసం అనుకోవద్దు, కానీ నా దాంట్లో ఉన్నవి రెండూ రెండు సైజులు. సౌండ్ హోల్‌లోంచి అద్దం, టార్చి పెట్టి చూపించారు, లోపల బ్రిడ్జ్ కింది పట్టీ చీలి ఉంది. నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకంటే ఇది కొరియర్‌లో పడిన దెబ్బ కాదు, చేతులతో కూర్చుని చేసిన పని.

నెక్ కూడా అంతే. తీగల ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర 5 మిల్లీమీటర్ల పైనే ఉంది, 3కి అటూఇటూ ఉంటే వేళ్లు బతుకుతాయి. సరే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) తిప్పి సరిచేద్దామంటే అది ఇప్పటికే చివరిదాకా బిగించేసి ఉంది, అలెన్ కీ పట్టే రంధ్రం అరిగిపోయి గుండ్రంగా అయింది. ఇలాంటి దానికి "సెట్టింగ్ చేయిస్తే సరిపోతుంది" అనే మాట వర్తించదు. ట్రస్ రాడ్ పోతే నెక్ పోయినట్టే, ఆ రిపేరు ఖర్చు చాలాసార్లు గిటార్ ధరకే దగ్గరగా వస్తుంది.

సాలిడ్ టాప్ అన్నారు కదా, అదీ కాదు. సౌండ్ హోల్ అంచుని టార్చితో చూడండి, పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా కిందికి అలాగే కొనసాగితే సాలిడ్, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. ప్లై చెడ్డదని నేను అనను. కోస్తా తేమకి, రాయలసీమ ఎండకి అదే గట్టిగా నిలబడుతుంది, ఆంప్‌కి పెడితే కూత (ఫీడ్‌బ్యాక్) కూడా తక్కువ. కానీ ప్లై ధర ప్లైకి తీసుకోవాలి. ప్రకటనలో "స్ప్రూస్ టాప్" అని ఉండి "సాలిడ్" అనే మాట లేకపోతే అది ప్లై అనుకునే బేరమాడండి, ఫోన్‌లో సాలిడ్ అంటే బిల్లు మీద ఆ మాట రాయమనండి. నేను వాట్సాప్‌లో రాయించుకున్నాను, ఇప్పుడు అదే పనికొస్తోంది.

షాపు ఇచ్చిన సమాధానాలు వినండి. మొదట బ్యాటరీ. తర్వాత "మీరు తీగలు ఎక్కువ బిగించి ఉంటారు, అందుకే బ్రిడ్జ్ లేచింది". పార్సిల్ విప్పేటప్పుడు మొత్తం వీడియో తీశాను, అందులో బ్రిడ్జ్ వెనక సందు స్పష్టంగా కనిపిస్తోంది, అది పంపాక ఆ మాట ఆగిపోయింది. తర్వాత "మీ ఖర్చుతో పంపండి, ఫ్రీగా సెట్టింగ్ చేసిస్తాం". ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇలా జరిగితే మీరు చేయగలిగింది ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, వాడినవి, రిపేరు చేసినవి కొత్తవని చెప్పి అమ్మడం నేరుగా అనుచిత వ్యాపార పద్ధతి కింద రాసి ఉంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి ఫోన్ల మీద మాట్లాడుతూ రోజులు గడిపేయకండి, వెంటనే రాతపూర్వకంగా అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తా" అనే బేరానికి దయచేసి ఒప్పుకోకండి. వ్యాపారి కాని మనిషి దగ్గర సెకండ్‌హ్యాండ్ కొంటే ఈ చట్టం ఆదుకోదు, అక్కడ మీ కళ్లే దిక్కు.

వీలైతే స్వయంగా వెళ్లి కొనండి. వెళ్లలేకపోతే ముందే తీసిన వీడియో వద్దని, లైవ్ వీడియో కాల్ అడగండి. ఆంప్‌కి పెట్టి, టోన్ నాబ్‌లు అన్నీ మధ్యలో ఉంచి, నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా ఒకే బలంతో మీటమనండి. బ్రిడ్జ్ వెనక కాగితం పెట్టి చూపించమనండి. అలెన్ కీ పెట్టి ట్రస్ రాడ్‌ని పావు వంతు అటూ ఇటూ తిప్పమనండి. సౌండ్ హోల్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య స్కేలు అడ్డంగా పెట్టమనండి, అక్కడ గుంట పడి ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. స్కేల్ లెంగ్త్ (నట్ నుంచి శాడిల్ దాకా మోగే తీగ పొడవు; నట్ అంటే నెక్ చివర తీగలు ఆనే ముక్క) 34 అంగుళాలా, 32 లేక 30 అంగుళాలా అన్నది కూడా అడగండి, తీగలు దాన్ని బట్టే కొనాలి, పొట్టి స్కేలు తీగలు చిన్న ఊళ్లలో అంత తేలిగ్గా దొరకవు. ఇవన్నీ చూపించడానికి నిజాయతీ ఉన్న షాపుకి పది నిమిషాలు పడుతుంది. విసుక్కుంటే, "నమ్మకం లేకపోతే తీసుకోకండి బ్రదర్" అంటే, తీసుకోకండి.

1915లో ఫిర్యాదు నమోదైన తర్వాత షాపు మళ్లీ లైన్లోకి వచ్చింది, పీస్ వెనక్కి పంపితే డబ్బిస్తామంటోంది. డబ్బు ముందు, పీస్ తర్వాత అని నేను గట్టిగా చెప్పాను. వెనక్కి వెళ్లిందంటే ఆ గిటార్ ఇంకొకరికి అమ్మకానికి వస్తుందనే నా భయం. నలుపు రంగు, కటవే బాడీ (నెక్ పక్కన ఒక మూల కోసినట్టుండే పెట్టె), బ్రిడ్జ్ మీద రెండు ముత్యపు చుక్కలు, లోపల రెండు సైజుల బోల్టులు, శాడిల్ కింద ఇ స్ట్రింగ్ వైపు కాగితం, బ్యాటరీ పెట్టెలో పచ్చ చిలుము. ఇది ఎక్కడైనా "కొత్త పీస్" అని కనిపిస్తే కొనకండి, నాకు ఒక మెసేజ్ పెట్టండి, ఫొటోలు, మేస్త్రి రాసిచ్చిన కాగితం అన్నీ పంపిస్తాను.